చక్రం సాగాలి, నీరూ ఇంకాలి

మన పత్రికలో యాత్రా విశేషాలు రాసినవారు చాలామంది ఉన్నారు. కాశీ ఘట్టాలు, కేదారం మంచు, నయాగరా హోరు, అన్నీ ఇంట్లో కూర్చునే చూసినంత సంబరపడ్డాం. వారంతా తల ఎత్తి చూసినవాటి గురించి రాశారు. నేను తల వంచి చూసినదాని గురించి రాస్తాను. అంటే కాలి కింద ఉండే దారి గురించి. బి.కాం. చదివి, 34 ఏళ్ళుగా బ్యాంకులో జమాఖర్చులు చూసుకునేవాడికి దారులతో పనేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎనిమిదేళ్ళుగా నేను చక్రాల కుర్చీ తోస్తున్నాను. ఇంజినీరు కొలబద్దతో కొలిచేది నాకు అరచేతులకు తెలుస్తుంది. నాకున్న అర్హత అంతే.

మాది బెంగుళూరులో మూడు తరాల కాపురం. మా తాతగారు హిందూపురం నుంచి వచ్చి చిక్కపేటలో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరారు. మేమిప్పుడు జయనగరంలో ఉంటున్నాం. మా శ్రీమతి చెన్నపట్నం తెలుగుపిల్ల. పెరంబూరులో పుట్టి పెరిగింది. 2012లో ఆమెకు కీళ్ళవాతం మొదలైంది. వయసుతో వచ్చే మోకాళ్ళ నొప్పులు కావివి. చేతివేళ్ళ దగ్గర మొదలై ఒక్కొక్క కీలునూ పట్టుకుంటూ పోయే రకం. 2017 నాటికి ఇంట్లో గోడ పట్టుకుని తిరగగలదు, వంట చేయగలదు, నన్ను కేకలేయగలదు. బయట మాత్రం యాభై అడుగులు దాటితే కుర్చీ కావాలి.

జబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక మాట. "మీరు వెళ్ళి చూసి రండి. నేను కార్లో కూర్చుంటాను." లేపాక్షిలో ఆ మాట విన్నాను. గుడి కట్టింది కొండరాతి మీద, ఆ రాయి ఎక్కడికక్కడ వాలుగా, మిట్టపల్లాలుగా ఉంటుంది. హంపిలో విన్నాను. చివరికి మా మేనల్లుడి గృహప్రవేశంలో కూడా, వీధి మొదట కారు ఆపి అదే మాట. నీళ్ళ సీసా, వారపత్రిక, కాస్త కిటికీ అద్దం దించి పెట్టడం, ఇదంతా ఒక పద్ధతిగా అయిపోయింది. మనిషి ఊళ్ళన్నీ తిరిగింది, చూసింది మాత్రం కారు పార్కింగులే.

చక్రాల కుర్చీ తోయనివారికి ఒక సంగతి చెప్పాలి. దానికి ముందు వైపు రెండు చిన్న చక్రాలుంటాయి. పెద్ద చక్రాలు దేన్నైనా దాటతాయి. చిన్నవి మాత్రం రెండు వేళ్ళ సందు కనిపిస్తే చాలు, దాంట్లో దిగబడిపోతాయి. కుర్చీ టక్కున ఆగుతుంది, కూర్చున్న మనిషి ముందుకు తూలుతుంది. మా బెంగుళూరులో పాత ఫుట్‌పాత్‌లు చాలావరకు మురుగుకాలువ మీద బండలు పరిచి చేసినవే. బండకూ బండకూ మధ్య సందు ఉంటుంది. ఆ సందులోంచి చెట్టు వేరు ఒక బండను లేపుతుంది, పక్కది కుంగుతుంది. కొత్త వీధుల్లో సిమెంటు ఇటుకలు పరుస్తున్నారు. చూడ్డానికి బాగుంటాయి. కానీ ప్రతి ఇటుక అతుకు దగ్గరా ఒక చిన్న దెబ్బ. నూరు అడుగుల్లో నూట యాభై దెబ్బలు. "నా కీళ్ళ మీద ఎవరో మద్దెల వాయిస్తున్నట్టుందండీ" అనేది మా ఆవిడ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఆ దెబ్బలు లెక్కలోకే రావు.

ఇక అసలు ప్రయాణం. 2023 జూన్‌లో అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాం. ఆమె, అల్లుడు సాల్ట్ లేక్ సిటీలో ఉంటారు. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 320 మైళ్ళు వెళితే ఎల్లోస్టోన్ పడమటి ద్వారం వస్తుంది. 1872లో ఏర్పడిన ఈ నేషనల్ పార్కు ప్రపంచంలోనే మొదటిది. దారిలో ఐడహో రాష్ట్రంలో మైళ్ళ తరబడి బంగాళాదుంప చేలు. డబ్బాలో పులిహోర, ఊరగాయ సరేసరి. పార్కులోకి వెళ్ళాక అడవిదున్నల మంద ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. అరగంట ఎవరూ హారన్ కొట్టలేదు. బెంగుళూరువాణ్ణి కనుక నాకు దున్నల కన్నా అదే ఎక్కువ వింతగా తోచింది.

ఎల్లోస్టోన్ అంటే భూమి కింద పొయ్యి రాజేసి ఉన్న చోటు. వేడినీటి బుగ్గలు, బురద కుతకుతలు, ఆకాశంలోకి ఎగజిమ్మే ఊటలు. ప్రపంచంలో ఉన్న ఎగజిమ్మే ఊటల్లో సగానికి పైగా ఈ ఒక్క పార్కులోనే ఉన్నాయి. వాటిలో పేరుమోసింది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. 1870లో వచ్చిన ఒక అన్వేషక బృందం పెట్టిన పేరది. నమ్మకంగా వేళకు పలుకుతుంది కాబట్టి ఆ పేరు. సుమారు గంటన్నరకొకసారి, నూరు నుంచి నూట ఎనభై అడుగుల ఎత్తుకు మరిగే నీటిని చిమ్ముతుంది.

పార్కింగులో కారు ఆగగానే మా ఆవిడ అలవాటు ప్రకారం, "మీరు వెళ్ళి చూసి రండి" అంది.

"అమ్మా, ముందు దిగు. పది అడుగులు వేద్దాం. నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దాం" అంది అమ్మాయి. అల్లుడు అప్పటికే డిక్కీలోంచి కుర్చీ దించేశాడు. "రండి అత్తయ్యగారూ" అన్నాడు. అల్లుడి ముందు మొండికేయడం బాగుండదని దిగింది కాబోలు.

పార్కింగు తారు దాటి, కాస్త కాంక్రీటు దాటి, ఊట చుట్టూ ఉన్న బాట మీదికి వచ్చేసరికి నా చేతుల్లో ఏదో తేడా తెలిసింది. కుర్చీ గడగడ ఆగిపోయింది. ముందు చక్రానికి ఏదో చుట్టుకుందనుకుని ఆగి వంగి చూశాను. చక్రం బాగానే ఉంది. బాటే వేరు. ముదురు రంగులో, గరుకుగా, దగ్గరగా చూస్తే చిన్న చిన్న గింజలన్నీ అతికినట్టుగా ఉంది. బొటనవేలితో నొక్కాను. కొంచెం, చాలా కొంచెం, దిగి మళ్ళీ లేచింది. అతుకులు లేవు, సందులు లేవు. "ఏమండీ, ఆగారేం? పోనివ్వండి" అంది మా ఆవిడ. దారి మీద ఆమె నోట "పోనివ్వండి" అన్న మాట విని చాలా ఏళ్ళయింది.

ఊట చుట్టూ బల్లలున్నాయి. ఎక్కడ కూర్చోవాలో ఆమే చూసుకుంది. ఒకచోట గాలి మీదికి కొడుతోందని, ఇంకోచోట ఎండ అని, మూడో చోట ముందున్నాయన టోపీ మరీ పెద్దదని, నాలుగు చోట్లకు నన్ను తిప్పింది. అందరూ కూర్చోబెట్టిన చోట కూర్చోవడం అలవాటైన మనిషి ఎంపిక చేసుకుంటుంటే నాకు అలుపు తెలియలేదు.

ఊట లేవడానికి ఇంకా ముప్పావుగంట ఉందనగా ఒక జల్లు పడింది. కొండ ప్రాంతం కదా, వచ్చినంత వేగంగా పోయింది. పార్కింగు తారు మీద మడుగులు తేలాయి. మేమున్న బాట మీద ఒక్క చుక్క నిలవలేదు. తడిసింది, అంతే. అంత వానకూ నా చెప్పుల కింద చిత్తడి లేదు. అక్కడ తిరుగుతున్న పార్కు ఉద్యోగిని ఒకామెను, వెడల్పు టోపీ, ఆకుపచ్చ ప్యాంటు, అడిగాను. ఆమె సంతోషంగా చెప్పింది. ఊటలో లేచే నీరు ఎక్కడి నుంచో వచ్చేది కాదు, ఈ చుట్టుపక్కల పడిన వాన, మంచే నేలలోకి ఇంకి, లోపల కాగి, మళ్ళీ పైకి వస్తుంది. ఊట ముంగిట తారు పరిచి ఆ నీటిని కాలువల్లోకి మళ్ళిస్తే ఎలా? అందుకని నీరు ఇంకే బాట వేశారట. వేసింది మిషెలిన్ టైర్ల కంపెనీ సహకారంతో. బాటలో ఉన్నది ముక్కలు చేసిన పాత టైర్ల రబ్బరు. ఫ్లెక్సీ పేవ్ అని దానికి పేరు.

ఇంతకీ అది ఎలా చేస్తారంటే, మన బొరుగుల ఉండను తలచుకోండి. పాకం బొరుగులకు పూతలా పట్టి ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది గానీ, వాటి మధ్య ఖాళీలను పూడ్చదు. పాకం ఎక్కువైతే ఉండ రాయి అవుతుంది, తక్కువైతే రాలిపోతుంది. ఇక్కడ బొరుగుల బదులు రబ్బరు గింజలు, సన్న కంకర. పాకం బదులు పాలీయురెథేన్ అనే జిగురు. వేడి చేయనక్కర్లేదు. యంత్రంలో కలిపి, కింద గట్టిగా దిమ్మిస చేసిన కంకర పరుపు మీద పోసి, తాపీతో సమంగా రుద్ది, ఆరనిస్తారు. రెండంగుళాల మందం ఉంటే మనుషులు నడిచే బాటకు సరిపోతుంది. పైన పడిన నీరు ఖాళీల గుండా దిగి, కంకరలో నిలిచి, మెల్లగా నేలలోకి పోతుంది.

రబ్బరు ఉండటం వల్ల ఇంకో గుణం వస్తుంది. అక్కడ చలికాలంలో నేలలోని నీరు గడ్డకట్టి నేల ఉబ్బుతుంది, వేసవిలో కరిగి కుంగుతుంది. కాంక్రీటైతే పగులుతుంది. ఇది కొంతవరకు వంగి సర్దుకుంటుంది. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కానీ, కింది నుంచి నేలను లేపేది మనకూ ఒకటుంది. చెట్టు వేరు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నీరు ఇంకడమే కావాలంటే మట్టిదారి చాలదా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. చాలదు. మట్టిలో, ఇసుకలో, పచ్చికలో నీరు ఇంకుతుంది, చక్రమూ దిగబడుతుంది. కాంక్రీటు మీద చక్రం సాగుతుంది, నీరు ఇంకదు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే కష్టం. అమెరికాలో 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆ తర్వాత 2013లో ప్రభుత్వ భూముల్లోని కాలిబాటలకు విడిగా నియమాలు చేశారు. బాట తారుదా, మట్టిదా అని ఆ నియమాలు అడగవు. గట్టిగా ఉండాలి, కదలకుండా ఉండాలి, కనీసం 36 అంగుళాల వెడల్పుండాలి అంటాయి. వస్తువును కాక గుణాన్ని అడగడం నాకు నచ్చింది. మా బ్యాంకు సర్క్యులర్లు రాసేవారు కూడా ఈ పద్ధతి నేర్చుకుంటే ఎన్ని కాగితాలు మిగులుతాయో!

ఊట లేచింది. దాని గురించి మీరు చాలాచోట్ల చదివే ఉంటారు కనుక నేను వర్ణించను. తెల్లటి నీటి స్తంభం, గంధకపు వాసన, చుట్టూ అన్ని దేశాల భాషల్లో "ఆహా". మా ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత మిగతా ఊటల వైపు చెక్కబాట మీద వెళ్ళాం. అది వేరే రకం. వేడి నేలకు ఎత్తున పలకలు పరిచినది. పలక పలకకూ టకటకమంటుంది. కొంత దూరం పోయాక వాలు ఎక్కువైంది, నాకు ఆయాసం, ఆమెకు మణికట్టు నొప్పి. వెనక్కి తిప్పేశాం. కాబట్టి అమెరికాలో అంతా సుఖమేనని నేను చెప్పడం లేదు. ఆ ఊట చుట్టూ ఉన్న కాస్త బాట వరకే నా సాక్ష్యం.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. టైరు రబ్బరు పూర్తిగా నిర్దోషి కాదు. టైర్లు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారి, వాననీటితో వాగుల్లోకి చేరి, కోహో అనే సాల్మన్ జాతి చేపల్ని చంపుతోందని 2020 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రపు శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. అది ప్రధానంగా రోడ్ల మీద అరిగే టైర్ల పొడి వల్ల. బాటలో జిగురుతో బిగించిన రబ్బరు అంత సులభంగా పొడి రాలదు. అయినా చెరువు గట్టున, బావి పక్కన దీన్ని వేయమని నేను సిఫారసు చేయను. అప్పు ఇచ్చేముందు ఆస్తితోపాటు బాకీలు కూడా చూడమని మాకు నేర్పారు.

తిరిగి వచ్చాక ఆర్నెల్లకు, 2024 జనవరిలో, మా ఆవిడ పిన్ని మనవరాలి పెళ్ళికి మద్రాసు వెళ్ళాం. చెన్నై అనడం మా ఇంట్లో ఇంకా అలవాటు కాలేదు. పెళ్ళి టి.నగర్‌లో. మర్నాటి సాయంత్రం పాండీ బజార్‌కు తీసుకెళ్ళాను. 2019 నవంబరులో ఆ వీధి ఫుట్‌పాత్‌లను బాగా వెడల్పు చేసి, నడిచేవారి కోసం తీర్చిదిద్దారు. కుర్చీలో కూర్చునే కొట్ల అద్దాల్లో చీరలు చూసింది, బేరం లేకుండా జడపిన్నులు కొంది. ఆ నడక ఖరీదు నాకు చివరికి రెండు పట్టుచీరలు.

అక్కడి నుంచి మెరీనా. పెరంబూరులో పెరిగిన పిల్లకు మెరీనా అంటే ఆదివారం. వాళ్ళ నాన్నగారు నెలకోసారి ట్రాములు పోయిన తర్వాతి రోజుల బస్సులో అందరినీ తీసుకొచ్చేవారట. శనగలు, మామిడికాయ ముక్కలు, కాళ్ళ కింద జారే ఇసుక. జబ్బు వచ్చాక రోడ్డు మీది నుంచి సముద్రాన్ని చూడటమే. మెరీనాలో ఇసుక వెడల్పు అంతా ఇంతా కాదు. ఆ ఇసుకలో కుర్చీ అంటే ఎడారిలో ఓడే.

2022 నవంబరు 27న ఆ ఇసుక మీద వికలాంగుల కోసం శాశ్వతంగా ఒక చెక్కబాట తెరిచారు. 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, ఖర్చు ఒక కోటి 14 లక్షల రూపాయలు. అంతకు ముందు కొన్నేళ్ళు డిసెంబరులో వికలాంగుల దినోత్సవానికి మాత్రం తాత్కాలికంగా పరిచి తీసేసేవారు. ఏడాదికి నాలుగు రోజులు సముద్రం, మిగతా రోజులు రోడ్డు! శాశ్వతమైనది కావాలని వికలాంగుల సంఘాలు పట్టుబట్టి సాధించుకున్నాయి. తెరిచిన రెండు వారాలైనా కాకుండానే మాండూస్ తుపాను వచ్చి బాటను దెబ్బతీసింది. పత్రికల్లో అది చదివి, ఇక అయిపోయిందిలే అనుకున్నవారు చాలామంది. బాగుచేసి మళ్ళీ తెరిచారు. తెరవడం కన్నా మళ్ళీ తెరవడమే గొప్ప పనని నా అభిప్రాయం.

లెక్క వేస్తే మీటరుకు సుమారు 43 వేల రూపాయలు. పక్కన నడుస్తున్న ఒక పెద్దమనిషి, మా తెలుగు విని తెలుగులోనే పలకరించి, "ఇంత డబ్బు కొద్దిమంది కోసమా?" అన్నారు. కొద్దిమంది కాదని ఎలా చెప్పను? 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. ఆ లెక్కలో మోకాళ్ళు అరిగిన మన అమ్మమ్మలు లేరు, తోపుడు బండిలో పసిపిల్లల్ని తెచ్చుకునే తల్లులు లేరు. ఆ మాట అంటున్న ఆయన కూడా చేతికర్రతో ఆ చెక్కల మీదే నడుస్తున్నారు, ఇసుకలో కాదు. నేనేమీ అనలేదు. మా ఆవిడే, "మీరు రోజూ వస్తారాండీ?" అని అడిగింది. "వారానికి రెండుసార్లమ్మా, ఇది వేశాకే" అన్నారాయన.

ఆ బాట రబ్బరుది కాదు, చెక్కది. కానీ సూత్రం ఒకటే. పలకల సందుల్లోంచి నీరు దిగుతుంది, సందులు చిన్న చక్రం దిగబడనంత సన్నగా ఉన్నాయి. గాలికి ఇసుక పైకి చేరుతుంది కనుక ఊడుస్తూ ఉండాలి. బాట నిండా ఆరోగ్యవంతులు కూర్చుని ఫోటోలు తీసుకుంటున్నారు. "కొంచెం వళి విడుంగో" అంటూ నా వచ్చీరాని అరవంతో దారి చేసుకుంటూ చివరిదాకా వెళ్ళాం. చివరి నుంచి అలలకు ఇంకా కొంత ఇసుక ఉంది. నీళ్ళు ముట్టుకోలేకపోయింది. కానీ తుంపర మొహానికి తగిలింది. చీకటిపడేదాకా లేవనంది. బజ్జీలు రెండుసార్లు తెప్పించుకుంది.

ఇక మా వీధి. 2025 వేసవిలో మా వీధి ఫుట్‌పాత్ బాగుచేస్తారని తెలిసింది. మా వీధిలో కానుగ చెట్లు పదకొండు ఉన్నాయి. వాటి నీడ కోసమే మా నాన్నగారు ఇక్కడ ఇల్లు కొన్నారు. ఇంతకు ముందు ఒకసారి కంట్రాక్టరు మనుషులు మాను అంచుదాకా సిమెంటు పోసి పోయారు. నాలుగేళ్ళలో వేళ్ళు దాన్ని ముక్కలు చేసి లేపాయి. ఆ ముక్కకు తగిలి ఎదురింటి మామ్మగారు పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆమె తర్వాత మంచం దిగలేదు.

వీధి వాళ్ళమంతా సమావేశమయ్యాం. కన్నడంవాళ్ళు, తమిళులు, తెలుగువాళ్ళం, ఒక మార్వాడీ కుటుంబం. రెండు పక్షాలు తేలాయి. చెట్ల పక్షం, మనుషుల పక్షం. చెట్ల పక్షం వారు ఢిల్లీలో హరిత ట్రిబ్యునల్ 2013లో ఇచ్చిన ఉత్తర్వు చూపారు. చెట్టు చుట్టూ మీటరు దూరం కాంక్రీటు ఉండకూడదని. మనుషుల పక్షం వారు 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది చూపారు. వికలాంగులకూ అనువైన ఫుట్‌పాత్ పౌరుల జీవించే హక్కులో భాగమని. ఇద్దరి చేతుల్లోనూ కోర్టు కాగితాలే, ఇద్దరిదీ న్యాయమే.

నేను టేపు తీసుకుని కొలిచాను. ప్రహరీ గోడ నుంచి రోడ్డు అంచుదాకా ఫుట్‌పాత్ 210 సెంటీమీటర్లు. చెట్టు రోడ్డు వైపు అంచు నుంచి 20 వదిలి ఉంది, మాను మందం 70. అంటే మానుకూ గోడకూ మధ్య మిగిలింది 120. మా ఆవిడ కుర్చీ వెడల్పు 65, తోసే చేతులకు, గీసుకోకుండా పోవడానికి కలిపి 90 కావాలి. 120లో 90 పోతుంది, బాగానే ఉంది. కానీ చెట్టు చుట్టూ మీటరు మట్టి వదిలితే గట్టినేల మిగిలేది 20 సెంటీమీటర్లు. పిల్లి నడవవచ్చు. సిమెంటు పోస్తే కుర్చీ నాలుగేళ్ళు నడుస్తుంది, తర్వాత ఎవరూ నడవలేరు, చెట్టుకు నీరూ గాలీ అందదు. ఫుట్‌పాత్ మీద అడ్డులేని వెడల్పు 1.8 మీటర్లు ఉండాలని మన రోడ్డు నియమాలు చెబుతాయి. మా చెట్ల దగ్గర అది కలలోని మాట.

అప్పుడు ఎల్లోస్టోన్ సంగతి చెప్పాను. మా ఆవిడ ఇంకా బాగా చెప్పింది, బొరుగుల ఉండ పోలిక ఆమెదే. అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఆడుకునే చోట రబ్బరు నేల వేసేవాళ్ళు బెంగుళూరులో ఉన్నారు. వాళ్ళలో ఒకరిని పిలిచి, అడుగున రేకు, సిమెంటు ఏమీ లేకుండా కంకర మీద వేయగలరా అని అడిగాం. కొటేషన్ వచ్చింది. చదరపు అడుగుకు సిమెంటు ఇటుకల కన్నా రెండింతలకు పైగా. సభలో కాసేపు నిశ్శబ్దం. నేను నా వృత్తిధర్మం పాటించాను. మొదటి ఖర్చు ఒక్కటే చూడకండి, నాలుగేళ్ళకోసారి పగలగొట్టి మళ్ళీ వేసే ఖర్చు, తుంటి ఆపరేషను ఖర్చు ఒక పక్క రాయండి, పైగా ఇది వీధంతా కాదు, చెట్టు చుట్టూ మాత్రమే అన్నాను. పని చూడటానికి వచ్చిన యువ ఇంజినీరు తల గోక్కుని, "మూరు మర హాకి నోడి సార్" అన్నాడు. మూడు చెట్ల దగ్గర వేసి చూడమని. మిగతా ఫుట్‌పాత్ వాళ్ళ పద్ధతిలోనే.

మూడు చెట్ల దగ్గర వేశాం. పాత సిమెంటు పగలగొట్టడం యంత్రంతో కాదు, ఉలీ సుత్తితో. వేళ్ళు తెగకూడదని చెట్ల పక్షం పెద్దాయన రెండు రోజులు స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నారు. లేచిన వేరు మీదుగా కంకర పలచగా సర్ది, మెల్లని వాలు చేసి, పైన రబ్బరు కంకర మిశ్రమం. మాను చుట్టూ జానెడు ఖాళీ వదిలాం, చెట్టు లావెక్కాలి కదా. ఆరేదాకా ఒక రోజు తాడు కట్టి ఉంచాం. అయినా ఒక కుక్క నాలుగు పాదముద్రలు వేసింది, అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఒక వానాకాలం గడిచింది. ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. నీరు నిలవడం లేదు. ఎండలో మధ్యాహ్నం వేడెక్కుతుంది, వట్టి కాళ్ళతో నిలబడలేం. కొత్తలో రబ్బరు వాసన వచ్చింది, నెలకు పోయింది. కానుగ పూలు, ఎండుటాకులు, రోడ్డు మట్టి కలిసి ఖాళీలను మూస్తాయి. అందుకని నెలకోసారి గట్టి చీపురుతో రుద్ది నీళ్ళు కొట్టాలి. మట్టి మూసేస్తే ఇది మామూలు సిమెంటుకు తీసిపోదు, చూసుకునేవాళ్ళు లేని వీధిలో వేయడం దండగ. రెండో చెట్టు దగ్గర అంచు కొంచెం ఊడింది. కారణం వేరు కాదు, దాని మీద రోజూ స్టాండు వేసి నిలిపే మోటారు సైకిలు. వేళ్ళు మూడు చోట్లా ఉన్నచోటే ఉన్నాయి. ఇంకో మూడేళ్ళు చూస్తే గానీ ఆ విషయంలో ఏ మాటా చెప్పలేను.

మా ఆవిడ ఇప్పుడు సాయంత్రాలు వీధి మలుపు దగ్గర ఆకుకూరల బండిదాకా వస్తుంది. మెంతికూర తనే ఏరుకుంటుంది, బండామెతో నేను లేనట్టుగా కబుర్లు చెబుతుంది. మూడు చెట్లూ దాటేదాకా కుర్చీ చప్పుడు చేయదు. నాలుగో చెట్టు దగ్గర రోడ్డు మీదికి దింపాలి. దానికి కూడా కొటేషన్ తెప్పించాం, చందాలు సగానికి పైగా వచ్చాయి. మూలింటాయన మాత్రం తన బుల్లెట్ ఎక్కడ నిలుపుకోవాలో తేల్చేదాకా సంతకం పెట్టనంటున్నారు. వచ్చే ఆదివారం మా ఆవిడ ఆయన ఇంటికి బొరుగుల ఉండలు పట్టుకుని వెళుతుందట. వాళ్ళ గేటు ముందు రెండు మెట్లున్నాయి. ఆయననే బయటికి పిలుస్తానంటోంది.